ఆపకూడని కంప్యూటరు

రిసెప్షన్‌లో కుర్చీ ఖాళీగా ఉంది. కంప్యూటరు మాత్రం నడుస్తోంది. మానిటరు ఆర్పేసి ఉన్నా, బల్ల కింద డబ్బా గరగరమంటూ తన పని తాను చేసుకుపోతోంది. దాని నెత్తిన తెల్ల ప్లాస్టరు అంటించి, నల్ల స్కెచ్‌పెన్నుతో ‘దీన్ని ఆపకండి’ అని రాశారు. మొదట రాసిన అక్షరాలు మాసిపోతే, ఎవరో ఓపిగ్గా వాటి మీదే మళ్లీ దిద్దారు.

"ఎందుకు ఆపకూడదు?" అని అడిగింది ఎందుకమ్మ.

అది ఆమె అసలు పేరు కాదు. మాటలొచ్చిన నాటి నుంచీ కనపడ్డ ప్రతిదానికీ ఎందుకని అడిగి ప్రాణం తీస్తోందని పుట్టింటివాళ్లు పెట్టిన పేరు. పెళ్లిలో ఎవరో ఆ సంగతి అత్తగారి చెవిన వేశారు. ఆవిడ ముచ్చటపడి అదే ఖాయం చేసింది. చిన్న చిన్న ఆసుపత్రులూ ఆఫీసులూ తమ వెబ్ పేజీలకు తాళాలు వేయించుకోవాలంటే ఎందుకమ్మను పిలుస్తాయి. ఒక భుజానికి లాప్‌టాప్, ఇంకో భుజానికి వైర్ల సంచీ తగిలించుకుని వస్తుంది. ఈ కంటి ఆసుపత్రికి రావడం ఇదే మొదలు.

మందుల కిటికీలోంచి ఫార్మసిస్టు తల బయటపెట్టాడు. రిసెప్షన్ మూతపడ్డాక టోకెన్లిచ్చే పని కూడా అతని నెత్తిన పడింది. ఒక చేతిలో కంటి చుక్కల సీసా, ఇంకో చేతిలో టోకెను పట్టుకుని, ఏది ఎవరికివ్వాలో తేలక అవస్థపడుతున్నాడు.

"ఏమో మేడం. ఆపితే ఏదో ఆగిపోతుందంట."

"ఏది?"

"ఆపితే కదా తెలిసేది! ఇంతవరకూ ఎవరూ ఆపలేదు."

ఈ జవాబు ఎందుకమ్మకి భలే నచ్చింది. దాన్ని మనసులో ఒక మూల దాచుకుని పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లింది.

ఆసుపత్రి ఆయనదే. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఒక ముసలాయన కంట్లోకి లైటు వేసి చూస్తున్నాడు. ఆయన్ని పంపించాక చేతులు కడుక్కుని, తుడుచుకుని, తువ్వాలు మడత చెడకుండా కొక్కేనికి తగిలించి, అప్పుడు మొదలుపెట్టాడు.

"కూర్చోండమ్మా. సంగతి విన్నారు కదా?"

"రిపోర్టేదో బయటికి పోయిందని చెప్పారు సార్. ఎవరి పనో తెలీదనీ..."

"తెలిసిపోయింది. ఒక బస్సు డ్రైవరుకి పక్కచూపు తగ్గుతోంది. మళ్లీ ఒకసారి పరీక్ష చేసి, నిదానంగా చెబుదామనుకున్నాను. అతనితో నేనింకా నోరు విప్పనే లేదు, ఈలోపే డిపోకి తెలిసిపోయింది. మర్నాడు డ్యూటీకి వెళితే బండి ఇవ్వలేదట. ఇక్కడికొచ్చి కౌంటరు ముందు నిలబడి ఎన్ని మాటలన్నాడనుకున్నారు! ఇన్నేళ్ల ప్రాక్టీసులో నేనెవరి ముందూ అలా తలదించుకోలేదు."

రిపోర్టుల కంప్యూటరులో ఏ రిపోర్టును ఎక్కడినుంచి తెరిచారో ఒక రికార్డు పడుతుంది. దాన్ని తీయించి చూశారు. డిపోకి తెలిసిన సాయంత్రం, ఆ డ్రైవరు రిపోర్టును తెరిచింది రిసెప్షన్ కంప్యూటరు. అక్కడ కూర్చునేది ఒక్కతే మనిషి.

"ఆవిడేమంది సార్?"

"తెరవలేదంది. ఇంకేమంటుంది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగ్గానే ఏడుపు. మిషను అబద్ధం చెప్పదు కదమ్మా."

ఎందుకమ్మ కూడా తల ఊపింది. ఆమె బతుకుతెరువే ఆ మాట మీద నడుస్తోంది.

మొన్నొకరోజు పొద్దుటి మీటింగులో సిబ్బంది అందరి ముందూ ఆవిణ్ని పేరు పెట్టి నిలదీశాననీ, సస్పెండ్ చేశాననీ, శుక్రవారం ఎంక్వయిరీ కాగానే పంపించేస్తాననీ ఆయన చెప్పాడు. "ఇకమీదట ఎవరు ఏది తెరిచినా వాళ్ల పేరు పడాలి. ఇలాంటివాళ్లు ఇట్టే దొరికిపోవాలి. అలాంటి తాళం వెయ్యండి" అన్నాడు.

మెట్ల కింద బీరువాలాంటి చిన్న గది. అందులో ఫ్యాను గాలికి దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటర్లు. రిపోర్టుల పేజీ, అపాయింట్‌మెంట్ల పేజీ, మందుల నిల్వల పేజీ, స్కాన్ బొమ్మల పేజీ, అన్నీ అక్కడే. తలుపుల్లేని గదుల్లా ఉన్నాయి. ఏ పేజీ పేరూ అడగదు, పాస్‌వర్డూ అడగదు. రోగులకి ఫోనులో ఒక లింకు పంపిస్తారు; దాని చివర రిపోర్టు నంబరు ఉంటుంది. ఎందుకమ్మ ఊరికే ఆ చివరి అంకె మార్చి చూసింది. ఎవరో అమ్మాయి కంటిపాప బొమ్మ తెరనిండా ప్రత్యక్షమైంది. ఆమె గబుక్కున మూసేసింది, అడగకుండా ఎవరి పడగ్గదిలోకో తొంగిచూసినట్టనిపించి.

ఆమె పెట్టబోయేది రివర్స్ ప్రాక్సీ అనే పెట్టె. చూడటానికి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ఇకమీదట ఎవరూ ఆ పేజీల దగ్గరికి నేరుగా పోవడానికి లేదు, ముందు దీని దగ్గరికి రావాలి. సిబ్బంది అయితే పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. రోగి అయితే ఆసుపత్రిలో ఇచ్చిన ఫోను నంబరు అడిగి, దానికి ఒక కోడ్ పంపిస్తుంది. నమ్మకం కుదిరితే, వచ్చినవాణ్ని వాకిట్లోనే నిలబెట్టి, తానే లోపలికి వెళ్లి కావలసిన పేజీ తెచ్చి చేతిలో పెడుతుంది. బయటివాడు లోపలి గది చూడడు. లోపలివాళ్లు బయటివాడి మొహం చూడరు.

వైర్లు కలిపి, తెర మీద పేజీ చిరునామా పక్కన తాళం గుర్తు కనపడేందుకు సర్టిఫికెట్ ఎక్కించి, ఏ దారి ఏ పేజీకో ఒక్కొక్కటే రాసుకుంటూ పోయింది. ఉత్తుత్తి రోగి పేరుతో ఒక ఉత్తుత్తి రిపోర్టు పెట్టించింది. తన ఫోనులో ఆసుపత్రి వైఫై కట్టేసి, బయటి మనిషిలా కొత్త పెట్టె తలుపు తట్టింది. కోడ్ వచ్చింది. కొట్టింది. రిపోర్టు వచ్చింది.

"శభాష్" అనుకుని, లోపలి రికార్డులో తన రాక ఎలా పడిందో చూద్దామని రిపోర్టుల కంప్యూటరు తెరిచింది. కంప్యూటరుకైనా ఫోనుకైనా ఇంటి నంబరులాంటి చిరునామా ఒకటుంటుంది. రికార్డులో తన ఫోను చిరునామా ఉండాల్సిన చోట ఆ కొత్త పెట్టె చిరునామా ఉంది.

ఎందుకమ్మ నెత్తి కొట్టుకుంది. పెట్టెకి ఒక లైను రాయడం మరిచిపోయింది. ‘వచ్చినవాడి అసలు చిరునామా కూడా లోపలికి చెప్పు’ అనే లైను. అది లేకపోతే ఎవరొచ్చినా, లోపలివాళ్లకి కనపడేది పెట్టె మొహమే. ఎవరొచ్చినా ఆ పెట్టే వచ్చిందనుకుంటారు. ఇంత అనుభవం ఉండీ ఉప్పు వెయ్యకుండా కూర దించినట్టయింది. నవ్వుకుంటూ లైను రాసింది. మళ్లీ తట్టింది. ఈసారి తన ఫోను చిరునామా సరిగ్గా పడింది.

రికార్డు మూసేయబోతూ పైకి జరిపింది. డాక్టర్ల గదుల చిరునామాలు అక్కడక్కడా ఉన్నాయి. మిగతావన్నీ ఒకటే: రిసెప్షన్, రిసెప్షన్, రిసెప్షన్. ఇవాళ పొద్దున్న కూడా. ఇందాక తను కొత్త పెట్టెకి స్క్రూలు బిగిస్తున్నప్పుడు కూడా.

ఆమె లేచి హాల్లోకి వచ్చింది. కుర్చీ ఖాళీ. మానిటరు మీద దుమ్ము.

"ఇవాళ ఇక్కడెవరైనా కూర్చున్నారా?"

"భలేవారే. ఆ కుర్చీలో కూర్చుంటే ఉద్యోగం పోతుందని అందరికీ హడల్. ఆయమ్మ తుడవడానికి కూడా దూరంనుంచే కర్ర చాపుతోంది" అన్నాడు ఫార్మసిస్టు.

ఎందుకమ్మ ఆ ఖాళీ కుర్చీ ముందే నిలబడి, తన ఫోనులో రోగులకి పంపే పాత లింకు తెరిచి, ఉత్తుత్తి రిపోర్టు చూసింది. పరుగున మెట్ల కిందికి వెళ్లింది. రికార్డులో రిసెప్షన్ అని పడింది. వీధిలోకి వెళ్లి మళ్లీ తెరిచింది. మళ్లీ పరుగు. రిసెప్షన్. రోడ్డు దాటి అవతల చెప్పుల దుకాణం అరుగు మీద నిలబడి తెరిచింది. మళ్లీ రిసెప్షన్. ఆమె అలా అటూ ఇటూ పరిగెడుతుంటే, టోకెన్ల కోసం కూర్చున్నవాళ్లు చుక్కలు వేసుకున్న కళ్లు చికిలించుకుని మరీ చూశారు.

"ఏమైంది మేడం?" అన్నాడు ఫార్మసిస్టు కంగారుగా.

"దీన్ని ఆపితే ఏది ఆగిపోతుందో తెలిసింది" అంది ఆమె ఆయాసపడుతూ.

తనకంటే ముందు పనిచేసిన ఎవరో పెద్దమనిషి, తను ఇవాళ పెట్టిన పెట్టెలాంటిదాన్నే ఆ రిసెప్షన్ కంప్యూటరులో ఎక్కించాడు. అది ఎవరినీ పేరు అడగదు, వచ్చినవాళ్లందరికీ లోపలినుంచి పేజీలు తెచ్చిస్తుంది, అంతే. బయటినుంచి రోగులు చూసినా, పెద్ద డాక్టరు ఇంట్లో కూర్చుని చూసినా, ఊరివతల ఎవడో దారినపోయేవాడు చూసినా, అందరూ ఆ డబ్బాలోంచే రావాలి. ఆ మహానుభావుడు కూడా ఆ ఒక్క లైనే మరిచిపోయాడు. ఇందాక ఎందుకమ్మ కాసేపు చేసిన తప్పును అతను ఏళ్ల తరబడి అలాగే వదిలేశాడు. లోకంలో ఎవరు ఏ రిపోర్టు తెరిచినా రికార్డులో పడేది రిసెప్షన్. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఆవిడ పాలు కూడా తాగలేదు, చెట్టు కింద కూర్చుందంతే.

ఆపరేషన్లు ముగించుకుని వచ్చిన పెద్ద డాక్టరుకి ఆమె ఇదంతా చెప్పింది. చెప్పడమే కాదు, ఆయన ఫోనులోంచే ఉత్తుత్తి రిపోర్టు తెరిపించి, లాప్‌టాప్ తెర ఆయన వైపు తిప్పి చూపించింది. ఆయన కళ్లజోడు కిందికి దించి చాలాసేపు చూశాడు.

"అయితే ఆవిడ కాదని రుజువైనట్టా?"

"ఆవిడే అని చెప్పడానికి రుజువు లేనట్టు సార్."

"ఆ రెండూ ఒకటి కాదు కదమ్మా. మీరు చెప్పినట్టు బయటివాళ్లవి పడితే పడనీండి. ఆవిడ తెరిచినా అదే కదా పడేది?"

కాదనడానికి లేదు. పాత ప్రోగ్రాము తన దగ్గరికి ఎవరెవరొచ్చారో ఎక్కడా రాసుకోలేదు. ఆ సాయంత్రం ఎవరు తట్టారో ఇక ఏ మిషనూ చెప్పలేదు. ఎంక్వయిరీ శుక్రవారమే జరుగుతుందని ఆయన అన్నాడు. ఎందుకమ్మకి ఒళ్లు మండింది. ఆయన మాటలో న్యాయముండటం వల్ల ఇంకా మండింది.

ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చున్నా అదే ధ్యాస. అత్తగారు రెండుసార్లు పిలిచి, మూడోసారి గరిటెతో కంచం మీద కొట్టింది. ఎందుకమ్మ సంగతంతా చెప్పింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నిన్ను తాళం వెయ్యమన్నారు, వేశావు. ఆ ఇంటి గొడవలు నీకెందుకు?"

"ఎందుకో తెలిస్తే నిద్రపడుతుంది అత్తయ్యా."

"నీకు ప్రశ్నలే కూడు. సరే, ఆవిడేమంటోంది?"

"ఎవరు?"

"ఆ కుర్చీలో కూర్చున్నావిడ. అందరూ మిషన్ని అడిగినట్టున్నారు. మనిషిని ఎవరైనా అడిగారా?"

ఎందుకమ్మ ముద్ద కలపడం ఆపేసింది. తను కూడా అడగలేదు.

మర్నాడు ఫార్మసిస్టు చెప్పిన గుర్తుల్ని బట్టి ఆ ఇల్లు పట్టుకుంది. బట్టల దుకాణం పైన వాటా. తలుపు గొలుసు తియ్యకుండానే సందులోంచి ఒక మొహం కనిపించింది. నలభై దాటిన మనిషి. తల నున్నగా దువ్వుకుని, డ్యూటీకి బయల్దేరుతున్నట్టే తయారై ఉంది.

"ఆసుపత్రినుంచా? ఐడీ కార్డు ఆరోజే ఇచ్చేశాగా. ఇంకేం కావాలి?"

"మీ కంప్యూటరు గురించి ఒక మాట అడుగుదామని వచ్చానండి."

"నాది కాదు, వాళ్లది. నాదనుకునే ఇంత దాకా తెచ్చుకున్నా."

"దాన్ని ఆపకూడదని రాసింది మీరేనా?"

గొలుసు తీసిన చప్పుడైంది.

ఆమె మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుని, బల్ల మీదున్న పాత పేపర్ను అంచులు కలిపి మడిచి, గోటితో నొక్కి చిన్న చిన్న ముక్కలుగా చింపసాగింది. అన్నీ ఒకే కొలతలో వస్తున్నాయి. ఏళ్ల తరబడి టోకెన్లు చింపిన చేతులు ఖాళీగా ఉండలేకపోతున్నాయని ఎందుకమ్మకి అర్థమైంది.

"కంప్యూటర్లు చూసేవాడు ఒకడుండేవాడు. వెళ్లిపోయే ముందు వచ్చి, అక్కా, ఇది ఆగితే బయటివాళ్లకి రిపోర్టులు కనపడవు, కాస్త కనిపెట్టుకుని ఉండు అన్నాడు. ఉన్నాను. నేల తుడిచే మిషను కోసం దీని ప్లగ్గు పీకేవాళ్లు, వాళ్లతో పోట్లాడేదాన్ని. కరెంటు పోతే ముందు దీని బ్యాటరీ చూసి, అప్పుడు మనుషుల సంగతి చూసేదాన్ని. నన్ను పొమ్మన్నరోజు కూడా, మెట్లు దిగుతూ మందులాయనకి చెప్పొచ్చా, దాన్ని ఆపొద్దని."

ఎందుకమ్మ గ్లాసు కింద పెట్టింది. మెల్లగా చెప్పుకొచ్చింది. వాకిలి సంగతి, మొహం సంగతి, మరిచిపోయిన ఆ ఒక్క లైను సంగతి. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"అంటే, నేను దాన్ని ఆపేసి ఉంటే?"

"బయటివాళ్లెవరూ ఏదీ చూడగలిగేవాళ్లు కాదు. మీ మీదికి ఏదీ వచ్చేది కాదు."

ఆవిడ నవ్వింది. చెవులకి బాగాలేని నవ్వు అది.

"బాగుంది. ఏ తప్పూ చెయ్యలేదు మొర్రో అని మొత్తుకున్నా. చేశానన్నమాట. డ్యూటీ చేశాను."

"అక్కా, ఆ రిపోర్టు ఎవరు తెరిచారో మాత్రం నేనింకా చెప్పలేను. దొరక్కపోవచ్చు కూడా. మీకు అబద్ధం చెప్పడం ఇష్టం లేదు."

"ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటా. చేతులున్నాయిగా. కానీ అందరి ముందూ పేరు పెట్టి అన్నాడమ్మా. ఆరోజు నేను బయటికొస్తుంటే, ఆయమ్మ బెంచీ మీదున్న తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎన్నిసార్లు నా టిఫిన్ సగం పెట్టానో ఆవిడకి! నన్ను చూసి సంచీ దగ్గరికి లాక్కుంది."

ఎందుకమ్మ సంచీ తీసుకుని లేచింది. మెట్ల దాకా వచ్చి సాగనంపుతూ ఆవిడ, "కొత్త పెట్టె పెట్టారు కదా. దాని పక్కన ఎవరు కూర్చుంటారో వాళ్లకి ముందే చెప్పండి" అంది.

ఆ మధ్యాహ్నమే ఎందుకమ్మ పాతదారి మూసేసి, బయటినుంచి వచ్చేవాళ్లందర్నీ కొత్త పెట్టె వైపు మళ్లించింది. లోపలికి పోయే పక్కదారులు కూడా ఒక్కొక్కటే వెతికి మూసింది. ముందు తలుపుకి తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తెరిచి పెట్టడమనేది ఆమె వృత్తిలో మామూలుగా జరిగే తప్పు. అందుకని రెండుసార్లు సరిచూసుకుంది.

అరగంటలో రిసెప్షన్ ఫోను మోగడం మొదలైంది. కోడ్ రాలేదని ఒకరు, వచ్చిన కోడ్ ఎక్కడ కొట్టాలని ఒకరు. ఫార్మసిస్టు కిటికీలోంచి చేతులు జోడించాడు. ఎందుకమ్మ వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. హాల్లో ఉన్న సిబ్బంది ఒక్క క్షణం ఆమె వంక వింతగా చూశారు.

ఒకరి తర్వాత ఒకరికి ఓపిగ్గా చెబుతూంటే, దర్జాగా ఒక గొంతు వచ్చింది.

"హలో, కంటాసుపత్రేనా? మీ రిపోర్టుల లింకు పాడైపోయిందండి. ఇవాళ్టినుంచి ఏదో కోడ్ అడుగుతోంది."

"అవునండి, కొత్తగా పెట్టాం. మీ ఫోనుకి కోడ్ వస్తుంది, అది కొడితే మీ రిపోర్టు కనపడుతుంది."

"వచ్చింది, కొట్టాను. ఒక్క రిపోర్టే కనపడుతోంది. మిగతావాటికి ఈ నంబరుకు అనుమతి లేదంటోంది. ఇదివరకు అన్నీ వచ్చేవి."

ఎందుకమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. "మిగతావంటే?"

"మా డ్రైవర్లవండి. కంటి పరీక్షకి అందరూ మీ దగ్గరికే వస్తారు కదా. బస్సు డిపోనుంచి మాట్లాడుతున్నా."

ఆమెకి ఒక్కసారిగా వీపు నిటారుగా అయింది. గొంతు మాత్రం మారనివ్వలేదు. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్, పెద్ద డాక్టరు గారితో మాట్లాడిస్తాను" అని, తీగ లేని ఆ ఫోను పట్టుకుని ఆయన గదిలోకి నడిచింది. గదిలో రోగులెవరూ లేరు. స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. "డిపోనుంచి సార్. ఇంతకుముందు వాళ్లకి అన్ని రిపోర్టులూ కనపడేవట" అంది.

పెద్ద డాక్టరు కుర్చీలో ముందుకు జరిగాడు. "మా రిపోర్టులు మీకెలా కనపడేవండి?" అని అడిగాడు.

"మీరు పంపిందేనండీ. మావాడొకడు మీ దగ్గర తన నంబరుకి బదులు మా ఆఫీసు ఫోను నంబరిచ్చినట్టున్నాడు. వాడి రిపోర్టు లింకు మాకొచ్చింది. చివరి అంకెలు మార్చి చూస్తే మిగతావాళ్లవీ వస్తున్నాయి. రోజూ సాయంత్రం కొన్ని అలా మార్చి చూసుకునేవాళ్లం. మంచి సదుపాయం పెట్టారనుకున్నాం."

"పక్కచూపు తగ్గిన ఒకాయనది కూడా..."

"ఆ, అదీ అలాగే చూశాం. చూశాం కాబట్టి సరిపోయింది. లేకపోతే మర్నాడు బండి ఇచ్చేసేవాళ్లం కదండీ? అందులో ఎంతమంది ఎక్కుతారు! మరి ఈ కోడ్ గొడవ ఎప్పటికి తీసేస్తారు?"

ఎందుకమ్మకి ఆ మనిషి మీద కోపం రావాల్సినంతగా రాలేదు. దొంగతనం చేశానని అతనికి తెలియనే తెలియదు. తలుపు లేని ఇంట్లోకి వచ్చాడు, కనపడింది చదువుకున్నాడు, ఇప్పుడు తలుపెందుకు పెట్టారని ఇంటివాళ్లనే నిలదీస్తున్నాడు.

"తీసెయ్యం" అన్నాడు చివరికి డాక్టరు. "అది ఉండాల్సిందే. మీరు చూసినవి మీరు చూడకూడనివి. డ్రైవర్ల సంగతి చెప్పాల్సి వస్తే నేను చెబుతాను, వాళ్లతో చెప్పాక."

ఫోను పెట్టేశాడు. ఆయన కళ్లజోడు తీసి, కోటు అంచుతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"ఆవిడకి కబురు పెట్టండమ్మా, రేపట్నుంచి వచ్చేయమని."

"నేను బయటిదాన్ని సార్. మీరు పిలిస్తేనే బాగుంటుంది."

ఆయన ఆమె వంక చిరాగ్గా చూశాడు. తర్వాత నంబరు నొక్కాడు. ఎక్కువ మాట్లాడలేదు. అవతల గొంతు ఎందుకమ్మకి వినపడలేదు గానీ, ఆయన మొహం చూస్తే అది కూడా ఎక్కువ మాట్లాడలేదని తెలుస్తోంది.

"వస్తుందట. కౌంటరుకి కాదట, ముందు పొద్దుటి మీటింగుకి వస్తుందట" అన్నాడు. కాసేపాగి, "మీరు కూడా రండి. ఎలాగూ అందరికీ పాస్‌వర్డులు నేర్పాలి కదా" అన్నాడు. ఒక్కడే నిలబడటానికి ఆయనకి జంకుగా ఉన్నట్టుంది.

మర్నాడు రోగులు రాకముందు, హాల్లో బెంచీలు వెనక్కి జరిపి అందరూ నిలబడ్డారు. నర్సులు, ఫార్మసిస్టు, కళ్లజోళ్ల విభాగంవాళ్లు, ఆయమ్మ. కౌంటరావిడ ఆఖరి వరసలో, తలుపుకి దగ్గరగా నిలబడింది. భుజాన బ్యాగు అలాగే ఉంది. పక్కన రెండడుగుల ఖాళీ కూడా అలాగే ఉంది.

పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "కొన్ని సాంకేతిక కారణాల వల్ల ఆమధ్య ఒక చిన్న అపార్థం జరిగింది. అది ఇప్పుడు తొలగిపోయింది. కాబట్టి అందరం దాన్ని మర్చిపోయి..."

కొందరు తలలూపారు. కొందరికి ఏం తొలగిపోయిందో అర్థం కాక పక్కవాళ్ల మొహాలు చూశారు. ఎందుకమ్మ లాప్‌టాప్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. సాంకేతిక కారణమంటే ఎవరి నెత్తినైనా పట్టే టోపీ. దాని కింద ఆవిడ మొహం ఇంకా కనపడటం లేదు.

"సార్" అంది కౌంటరావిడ. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఆరోజు నా పేరు పెట్టి చెప్పారు."

ఆయమ్మ చీపురు గోడకి చేరేసింది.

పెద్ద డాక్టరు ముందు నేలవైపు చూశాడు. ఆ తర్వాత తలెత్తి, ఆవిడ పూర్తిపేరు పలికాడు, ఇంటిపేరుతో సహా.

"ఈవిడ ఆ రిపోర్టు తెరవలేదు. తెరిచింది బయటివాళ్లు. వాళ్లు తెరవగలిగేలా తలుపులు లేకుండా ఆసుపత్రి నడిపింది నేను. రికార్డులో ఒక్క లైను చూసి, పై లైను చూడకుండా, మీ అందరి ముందూ ఈవిణ్ని అన్నదీ నేనే. తప్పు ఆవిడది కాదు. నాది."

అన్నాక ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టే సందర్భం కాదు. ఆయమ్మ మాత్రం ఆ రెండడుగుల ఖాళీ దాటి వచ్చి, కౌంటరావిడ పక్కన నిలబడింది. కళ్లు ఒత్తుకుంది.

ఎందుకమ్మ ఊపిరి పీల్చుకుని, ఇక పాస్‌వర్డుల పాఠం మొదలుపెడదామని లేచింది. కానీ కౌంటరావిడ ఇంకా కదల్లేదు.

"మరి ఆయనకో సార్?"

"ఎవరికి?"

"డ్రైవరుకి. ఆయన కూడా నన్నే అనుకుంటున్నాడు. అక్కడ నిలబడే కదా తిట్టి వెళ్లాడు."

"చెబుతానమ్మా. వీలు చూసుకుని, పరీక్షకి వచ్చినప్పుడు..."

"కంటి సంగతి ఎదురుగా కూర్చోబెట్టే చెప్పండి సార్, అది మీ ఇష్టం. నా సంగతి చెప్పడానికి ఏ పరీక్షా అక్కర్లేదు."

ఆవిడ కౌంటరు వెనక్కి వెళ్లింది. బ్యాగు తీసి కుర్చీ వీపుకి తగిలించింది. కూర్చోలేదు. ఫోను దగ్గరికి లాక్కుని, ఎవరినీ అడగకుండా, ఏదీ చూడకుండా డ్రైవరు నంబరు నొక్కింది; కంఠతా వచ్చిన రోగుల నంబర్లలో అదొకటి కాబోలు. అవతల మోగడం మొదలైంది. ఆవిడ ఫోను తన చెవికి పెట్టుకోకుండా, చెయ్యి చాపి, పెద్ద డాక్టరు వైపు పట్టుకుని నిలబడింది.

ఆయన ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి అందుకున్నాడు.